జాఫ్రాన్: చిటికెడు మేలు, మితిమీరితే కీడు

కిందటి శీతాకాలంలో ఒక గురువారం, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, విజయవాడ వన్‌టౌన్‌లో నేను పాఠాలు చెప్పే మదరసాకు ఒక విద్యార్థి తండ్రి వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేసే మనిషి. ఒక చేతిలో గుడ్డలో చుట్టిన తెల్లని పింగాణీ పళ్లెం, మరో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉన్నాయి.

“హజ్రత్! మా ఇంట్లోవాళ్లకు ఏడో నెల. ఈ పళ్లెం మీద షిఫా ఆయతులు రాసి ఇవ్వండి. కడిగి ఆ నీళ్లు తాగిస్తాను. జాఫ్రాన్ కూడా నేనే తెచ్చాను” అన్నాడు.

ఖుర్ఆన్ వాక్యాలను జాఫ్రాన్ నీటితో రాసి, కడిగి, ఆ నీటిని రోగికి తాగించే ఆచారం మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో చాలాకాలంగా ఉంది. పూర్వ పండితులలో కొందరు దీనిని అనుమతించారు, మరికొందరు ఇష్టపడలేదు. ఆ ధర్మచర్చ ఈ వ్యాసానికి విషయం కాదు. అనుమతించిన వారి అభిప్రాయాన్ని అనుసరించి నేను ఇరవై ఏళ్లుగా అడిగిన వారికి రాసి ఇస్తూ వచ్చాను. ఆ రోజు కూడా డబ్బీ మూత తీసి, నాలుగు పోగులు గిన్నెలోని నీళ్లలో వేశాను.

వేసీ వేయగానే నీళ్లు సిరా ఒలికినట్లు ఎర్రబడ్డాయి. కలం సరిచేసుకొని తిరిగి చూసేసరికి పోగులు రంగు కోల్పోయి, మొక్కజొన్న కండె మీది పీచులాగా తెల్లగా తేలుతున్నాయి. వాసన లేదు. నేను కలం పక్కన పెట్టి, “ఈ డబ్బీ ఎక్కడ కొన్నావు భాయీ?” అని అడిగాను.

“వీధిలో తిరిగి అమ్మే అతని దగ్గర హజ్రత్. గ్రాము నూట యాభైకే ఇచ్చాడు. రోజూ రాత్రి పాలలో ఇదే వేసి ఇస్తున్నాం. మొదటి పాపకు నా రంగే వచ్చింది. ఈసారైనా బిడ్డ తెల్లగా పుట్టాలని మా అమ్మ ఆశ” అన్నాడు. కాస్త ఆగి మరో మాట కూడా చెప్పాడు. “డాక్టరమ్మ బీపీ మాత్రలు రాసింది. జాఫ్రాన్ గుండెకు బలమట, బీపీని అదే దించుతుందట. మాత్రలు వేడి చేస్తాయని అమ్మ పది రోజుల కిందట మాన్పించింది.”

ఆ చివరి మాట విన్నాక నేను పళ్లెం సంగతి మరచిపోయాను. “ముందు ఇంటికి వెళ్లు. మగ్రిబ్ అజాన్ వినబడేలోగా ఆమెను అదే డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లు. డబ్బీ కూడా చూపించు. దువా నేను ఇక్కడి నుండే చేస్తాను” అని పంపించాను.

అతడు వెళ్లిన తరువాత ఆ ఎర్రని నీళ్ల ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో ఎన్ని పళ్లేలు రాశానో లెక్క లేదు. ఎవరు ఏ డబ్బీ తెచ్చినా దానితోనే రాశాను. జ్వరంతో ఉన్న పిల్లలు, బాలింతలు, వృద్ధులు ఆ నీళ్లు తాగారు. ఆ డబ్బీలలో ఏముందో ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సాయంత్రమే. ఆ తరువాత వైద్యులను అడిగి, హకీములను అడిగి, చదివి తెలుసుకున్న విషయాలను ప్రతి ఇంటి ఇల్లాలికీ, ప్రతి తండ్రికీ, నాలాంటి ప్రతి మౌల్వీకీ విన్నవించుకుంటున్నాను.

అసలు జాఫ్రాన్ అంటే ఏమిటి?

తెలుగులో కుంకుమపువ్వు, అరబీలో జఅఫరాన్, మన ఇళ్లలో జాఫ్రాన్. ఉల్లిగడ్డ వంటి చిన్న దుంప నుండి మొలిచే మొక్క ఇది. శాస్త్రజ్ఞులు దీనిని క్రోకస్ సటైవస్ అంటారు. కాశ్మీరంలో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో ఊదారంగు పూలు పూస్తుంది. ఒక్కొక్క పువ్వు మధ్యలో మూడే మూడు ఎర్రని కీలాగ్రాలు ఉంటాయి. వాటిని చేతితో వేరుచేసి ఎండబెడితే మనం కొనే జాఫ్రాన్ వస్తుంది. ఒక గ్రాముకు సుమారు 150 పూలు కావాలి. కిలోకు లక్షన్నర పూలు. ఈ శ్రమ వల్లనే అసలైన సరుకు గ్రాము ధర వందల రూపాయలలో ఉంటుంది.

ప్రపంచంలో పండే జాఫ్రాన్‌లో అత్యధిక భాగం ఇరాన్‌లోని ఖొరాసాన్ ప్రాంతానిది. మన దేశంలో కాశ్మీరు లోయలోని పాంపోర్, జమ్మూ వైపున్న కిష్త్‌వార్ దీనికి పేరు పొందాయి. కాశ్మీరు కుంకుమపువ్వుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ మొక్కకు చలి కావాలి, నీరు నిలవని నేల కావాలి. కృష్ణా కాలువల కింద వరి పండే మన నేలకు ఇది పరాయిది. కాబట్టి మన చేతికి వచ్చే ప్రతి పోగూ వందల కోసుల దూరం నుండి, ఎందరో వర్తకుల చేతులు మారి వస్తుంది.

ఈ పరాయి పువ్వుతో మన తీరానికి పరిచయం మాత్రం కొత్తది కాదు. కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్దంలో, మన మచిలీపట్నం రేవు నుండి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచేవి. ఇరానీ వర్తకులు బందరులో నివాసం ఏర్పరచుకున్నారు. మన బిర్యానీలో, జర్దాలో, పండుగనాటి షీర్ ఖుర్మాలో జాఫ్రాన్‌కు దొరికిన గౌరవం పారశీక వంటతో మనకున్న పాత చుట్టరికానికి గుర్తు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. గ్రాముకు 150 పూలు, పువ్వుకు మూడు పోగులు. అంటే గ్రాము డబ్బీలో సుమారు 450 పోగులు. ఒక్కో పోగు బరువు కాస్త అటూ ఇటూగా 2 మిల్లీగ్రాములు. ముందు చెప్పబోయే మోతాదులను ఈ లెక్కతో పోల్చుకోవచ్చు.

పూర్వపు హకీములు ఏమన్నారు?

యూనానీ వైద్యంలో జాఫ్రాన్ స్వభావాన్ని ఉష్ణంగా, రూక్షంగా గుర్తించారు. మనసుకు ఉల్లాసం కలిగించే మందులను హకీములు ‘ముఫర్రిహ్’ అంటారు. వాటిలో జాఫ్రాన్‌కు పెద్దపీట వేశారు. అల్ ఖానూన్ రచించిన ఇబ్నె సీనా (980–1037) గుండె మందుల గురించి ప్రత్యేకంగా మరో గ్రంథమే రాశారు. నేటికీ యూనానీ మందుల దుకాణాలలో దొరికే ఖమీరా అబ్రేషమ్, జవారిష్ జాలీనూస్ వంటి వాటిలో జాఫ్రాన్ ఒక దినుసు.

అయితే ఆ హకీములే దాని హద్దునూ చెప్పారు. ఎక్కువైతే తలనొప్పి తెస్తుందనీ, ఆకలిని చంపుతుందనీ ఇబ్నె సీనా హెచ్చరించారు. మూడు మిస్కాళ్ల జాఫ్రాన్ మనిషిని ఉల్లాసంతోనే చంపుతుందన్న మాట తన కాలంలో ప్రచారంలో ఉన్నట్లు కూడా నమోదు చేశారు. మిస్కాల్ అంటే సుమారు నాలుగుంపావు గ్రాములు. మూడు మిస్కాళ్లు పన్నెండున్నర గ్రాములు దాటుతాయి. నేటి విషవైద్య గ్రంథాలు 12 నుండి 20 గ్రాముల జాఫ్రాన్ ప్రాణాంతకం కావచ్చునని చెబుతున్నాయి. వెయ్యేళ్ల నాటి మాట, నేటి మాట ఒకే చోటికి చేరాయి.

మరో సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. హకీములు జాఫ్రాన్‌ను బహిష్టు జారీ చేసే మందుగానూ, ప్రసవం ఆలస్యమైనప్పుడు నొప్పులు కదిలించే మందుగానూ లెక్కించారు. అంటే అది గర్భాశయాన్ని కదిలించగల వస్తువని వారికి తెలుసు. నెలలు నిండినప్పుడు కాన్పు కోసం వాడిన మందును, నెలలు నిండని గర్భిణికి బలం పేరిట దండిగా తాగించమని ఏ హకీమూ చెప్పడు. మన ఇళ్లలో పాతకాలం పేరు చెప్పి జరిగే పనులలో చాలావాటికి ఆ పాతకాలపు విద్యే సాక్ష్యం పలకదు.

నేటి పరిశోధన ఏమంటోంది?

జాఫ్రాన్ రంగుకు మూలం క్రోసిన్ అనే పదార్థం, చేదుకు పిక్రోక్రోసిన్, సువాసనకు సాఫ్రనాల్. గత ఇరవై ఏళ్లలో వీటిపై చాలా పరిశోధనలు జరిగాయి. వాటిలో పేరొందినవి టెహ్రాన్ వైద్యులు చేసినవి. తేలికపాటి, మధ్యస్థ మానసిక కుంగుబాటుతో ఉన్నవారికి రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు జాఫ్రాన్ ఇచ్చి, అందుకు వాడే ఆధునిక మందులతో పోల్చి చూశారు. 2004, 2005 సంవత్సరాలలో వెలువడిన ఆ ఫలితాలలో జాఫ్రాన్ ఆ మందులకు దీటుగా పనిచేసినట్లు కనిపించింది. బహిష్టుకు ముందు వచ్చే చిరాకు, నొప్పుల విషయంలో 2008లో, మతిమరపు వ్యాధి విషయంలో 2010లో వచ్చిన ఫలితాలు కూడా ఆశాజనకంగానే ఉన్నాయి.

ఈ మాట వినగానే అంగడికి పరుగెత్తనక్కరలేదు. ఆ పరిశోధనలలో పాల్గొన్నవారి సంఖ్య చిన్నది: ఒకదానిలో 30 మంది, మరోదానిలో 40 మంది, మతిమరపు పరిశోధనలో 54 మంది. వారందరూ వైద్యుల పర్యవేక్షణలో ఉన్నారు. వారు తీసుకున్నది పరీక్షించిన సరుకుతో తయారైన గొట్టం మాత్ర. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి సంగతి వేరు. అటువంటి వారికి జాఫ్రాన్ పాలు ఇచ్చి ఊరుకోవడం ప్రాణంతో ఆడుకోవడమే. వెంటనే మానసిక వైద్యుడిని కలవాలి. మానసిక రోగం ఈమాన్ లోపం కాదనీ, దానికి చికిత్స తీసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదనీ ఈ సందర్భంలో చెప్పడం నా బాధ్యత.

ఇక మోతాదు. వంటలో, పాలలో వేసే నాలుగైదు పోగులు 10 మిల్లీగ్రాములకు మించవు. అది ఆహారం. పరిశోధనలలో ఇచ్చిన 30 మిల్లీగ్రాములు సుమారు పదిహేను పోగులు. అది మందు. రోజుకు గ్రామున్నర దాటడం ఎవరికీ క్షేమం కాదు. 5 గ్రాములు దాటితే విషలక్షణాలు కనిపిస్తాయి: వాంతులు, కళ్లు తిరగడం, రక్త విరేచనాలు, ముక్కు నుండి రక్తం కారడం. 10 గ్రాములకు పైబడితే గర్భస్రావం జరగవచ్చు.

ఇప్పుడు మందుల దుకాణాలలో, ఫోన్లలో జాఫ్రాన్ గొట్టం మాత్రలు అమ్ముతున్నారు. వాటి మీద రాసి ఉండే బరువు చాలాసార్లు ఎండు పోగులది కాదు. పోగుల నుండి తీసిన సారానిది. సారం గాఢంగా ఉంటుంది. పోగుల లెక్క దానికి వర్తించదు. కాబట్టి గొట్టం మాత్రను వంట దినుసుగా భావించక, మందుగానే భావించి, వైద్యుడికి చెప్పి వాడాలి.

గర్భిణులూ, బీపీ మాత్రలూ

ఆ వెల్డర్ ఇంట్లో జరిగిన తప్పులలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది మాత్రలు మాన్పించడం. గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు పెరిగితే మొదట్లో పైకి ఏమీ తెలియదు. తరువాత కాళ్లూ, ముఖమూ వాయవచ్చు, తలనొప్పి రావచ్చు, చూపు మసకబారవచ్చు. అదుపు తప్పితే మూర్ఛలు వస్తాయి. మన పెద్దలు దీనిని గుర్రపు వాతం అనేవారు. తల్లీబిడ్డలిద్దరినీ తీసుకుపోయే వ్యాధి అది. గర్భిణులకు ఏ బీపీ మాత్ర తగినదో చూసి వైద్యులు ప్రత్యేకంగా ఎంచి ఇస్తారు. వేడి చేస్తుందని దానిని ఆపడం, దాని స్థానంలో జాఫ్రాన్ పెట్టడం తగని పని.

జాఫ్రాన్ రక్తపోటును తగ్గిస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున వారం రోజులు తీసుకున్న ఆరోగ్యవంతులలో రక్తపోటు కొంత తగ్గింది. 400 మిల్లీగ్రాములంటే సుమారు 200 పోగులు, అంటే దాదాపు అర గ్రాము. పాలలో వేసే నాలుగు పోగులతో ఆ పని జరగదు. జరిగేంత తీసుకుంటే గర్భిణికి అది మరో ప్రమాదం. ఎటు చూసినా మాత్రకు జాఫ్రాన్ బదులు కాదు.

అయితే గర్భిణి పాలలో జాఫ్రాన్ అసలు వేయకూడదా? అసలైన సరుకు రెండు మూడు పోగులు వేసుకుంటే అది ఆహారం కిందే లెక్క. సాధారణంగా హాని ఉండదు. కానీ మొదటి నెలలలో, గతంలో గర్భం నిలవని వారిలో, రక్తస్రావం కనిపించిన వారిలో దాని జోలికి పోకపోవడమే మేలు. గొట్టం మాత్రలు, సారాలు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. పసిపిల్లలకు జలుబనీ, రంగనీ జాఫ్రాన్ అరగదీసి నాకించడం కూడా మానాలి.

మరికొందరు కూడా జాగ్రత్త పడాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, బీపీ మాత్రలు వాడేవారు, మానసిక కుంగుబాటుకు మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా జాఫ్రాన్ మాత్రలు మొదలుపెట్టకూడదు. రెండు మందులు ఒకే దిశలో పనిచేసి హద్దు దాటించవచ్చు. ఒకప్పుడు అతి ఉత్సాహం, మరొకప్పుడు అతి కుంగుబాటు వచ్చే మానసిక రోగం ఉన్నవారికి ఇది తగదు. శస్త్రచికిత్స ఉంటే రెండు వారాల ముందే మానేయాలి. కొందరికి దద్దుర్లు, ఉబ్బసం కూడా రావచ్చు. యూనానీ మందు కావాలనుకునేవారు వీధి అమ్మకందారుని వదిలి, చదువుకున్న హకీము వద్దకు వెళ్లాలి. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యూనానీ వైద్య కళాశాల, హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాల వంటి సంస్థలలో ఈ విద్యను పద్ధతిగా బోధిస్తున్నారు.

బిడ్డ రంగు

బిడ్డ చర్మపు రంగు తల్లిదండ్రుల నుండి, వారి తల్లిదండ్రుల నుండి సంక్రమించే లక్షణం. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఎంత తయారుకావాలో ఆ వారసత్వమే నిర్ణయిస్తుంది. తల్లి తాగిన పాల రంగు బిడ్డ చర్మానికి చేరదు. జాఫ్రాన్ వల్ల బిడ్డ తెల్లగా పుడతాడన్న మాటకు ఏ ఆధారమూ లేదు. కాశ్మీరులో పిల్లలు తెల్లగా ఉన్నారంటే, వారి తల్లిదండ్రులు తెల్లగా ఉండటమే కారణం.

మన ఇళ్లకు ఇంకొక ప్రశ్న ఉంది. నల్లని బిడ్డ పుడితే లోటేమిటి? మనుషుల భాషలలోని, రంగులలోని వైవిధ్యాన్ని దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొంది. హజ్ వీడ్కోలు సందర్భంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలుపు నలుపుల ఆధిక్యాన్ని కొట్టివేసి, భయభక్తులే గొప్పదనానికి కొలమానమని బోధించారు. మస్జిదె నబవీలో అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ (రజియల్లాహు అన్హు) నల్లనివారు. ఇవన్నీ జుమా ప్రసంగాలలో విని తలలూపి, ఇంటికి వచ్చి కోడలి గర్భంలోని బిడ్డకు తెలుపు కోరడం మన మాటకూ మన జీవితానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపుతుంది. ఈ కోరిక ఎప్పుడూ మగబిడ్డ రంగు గురించి కాకుండా ఎక్కువగా ఆడబిడ్డ రంగు గురించే ఎందుకుంటుందో మనందరికీ తెలుసు. పెళ్లి సంబంధాల వేళ తెల్లని పిల్ల కావాలని మనమే అడుగుతున్నాం. ఆ అడగడం మానితే ఈ పాలు తాగించడమూ ఆగుతుంది.

అసలును, నకిలీని గుర్తించడం

ఖరీదైన వస్తువు కనుక జాఫ్రాన్‌లో మోసం ఎక్కువ. కుసుమ పూల రేకులను కలుపుతారు. అవి చూపుకు దగ్గరగా ఉంటాయి. మొక్కజొన్న పీచుకు పంచదార పాకం పట్టించి, కృత్రిమ రంగు అద్ది అమ్ముతారు. పువ్వులోని రంగులేని పసుపు భాగాన్ని ఎర్రరంగుతో తడిపి కలుపుతారు. పొడి రూపంలో ఉంటే మరీ సులువు. పసుపు కలిపినా తెలియదు. ఆ పసుపే కావాలంటే మన దుగ్గిరాల యార్డులో కిలోల లెక్కన దొరుకుతుంది. జాఫ్రాన్ ధర పెట్టి కొననక్కరలేదు. కొందరు బట్టలకు వేసే రొడమిన్ వంటి రంగులు కూడా వాడతారు. అవి ఆహారంలో నిషిద్ధం.

ఇంట్లో చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు పోగులు వేయండి. అసలైనది నెమ్మదిగా, పది పదిహేను నిమిషాలలో బంగారు పసుపు రంగు దింపుతుంది. పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది, ఉన్నంతసేపూ రంగు ఇస్తూనే ఉంటుంది. నకిలీది వేయగానే ఎర్రగా కరిగిపోయి, పీచు తెల్లబడుతుంది. అసలు పోగు ఒక కొన సన్నగా, మరో కొన చిన్న బాకాలాగా విచ్చుకొని ఉంటుంది. నోట వేసుకుంటే చేదుగా ఉంటుంది. తియ్యగా ఉంటే పాకం పట్టించారని అర్థం. తెల్లకాగితం మధ్య నొక్కితే నూనె మరక పడితే బరువు కోసం నూనె కలిపారని అర్థం.

ఇంటి పరీక్షలు అన్ని మోసాలనూ పట్టుకోలేవు. కాబట్టి పొడి కొనకండి, పోగులే కొనండి. మూసిన డబ్బీ మీద తయారీదారు పేరు, తేదీ, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య చూడండి. కాశ్మీరు సరుకని చెబితే భౌగోళిక గుర్తింపు ముద్ర ఉందేమో చూడండి. చవకగా వచ్చిందంటే అనుమానించండి. అనుమానం కలిగితే జిల్లా ఆహార భద్రత అధికారికి గానీ, 1800112100 ఉచిత నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం, కొనుగోలుదారు తానే రుసుము చెల్లించి నమూనాను పరీక్షింపజేసుకునే హక్కు కూడా ఉంది.

ధర్మం చెప్పేది

నేను చదివిన, బోధించిన హదీసు గ్రంథాలలో జాఫ్రాన్ ప్రస్తావన ప్రధానంగా రంగుగా, సుగంధంగా వస్తుంది. పురుషులు జాఫ్రాన్ రంగు పూసుకోరాదన్న నిషేధం ఉంది. ఇహ్రాం ధరించినవారు జాఫ్రాన్ అంటిన వస్త్రాలు తొడగరాదన్న ఆదేశం ఉంది. వీటిని చూసి మగవారు జాఫ్రాన్ తినకూడదేమోనని కొందరు అడుగుతుంటారు. ఆ నిషేధం ఒంటికీ, బట్టకూ సంబంధించినది; ఆహారానికి వర్తించదు. ఇహ్రాంలో ఉన్నప్పుడు జాఫ్రాన్ కలిపిన కహ్వా వంటివి తాగే విషయంలో మాత్రం హాజీలు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

వ్యాధికి మందు వాడటం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదని దైవప్రవక్త (స) నేర్పారు. ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడి చూసి, తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుడిని నిలదీశారు. మోసగాడికి తమతో సంబంధం లేదని తేల్చిచెప్పారు. మొక్కజొన్న పీచుకు రంగు వేసి రోగికి అమ్మేవాడు ఆ వర్తకుడికన్నా ఎన్నో మెట్లు దిగజారినవాడు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు కూడా ఉంది. ఆ హదీసును ఎన్నోసార్లు పిల్లలకు బోధించాను. ఆ గురువారం సాయంత్రం మొదటిసారి అది నన్ను ఉద్దేశించినట్లు అనిపించింది.

అప్పటి నుండి నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరైనా పళ్లెం తెస్తే ముందు రోగం ఏమిటో, ఏ మందులు వాడుతున్నారో అడుగుతాను. మందు మాన్పించి వచ్చినవారికి రాసివ్వను. ముందు వైద్యుడిని కలిసి రమ్మంటాను. జాఫ్రాన్‌ను వారి ఎదుటే నీళ్లలో వేసి చూపిస్తాను. ఎక్కువమందికి మంచినీళ్ల మీదనే ఆయతులు చదివి, దువా చేసి పంపుతున్నాను. అల్లాహ్ వాక్యానికి ఏ పువ్వు రంగూ అవసరం లేదు. తోటి మౌల్వీలకు కూడా ఇదే నా మనవి. మన మాట విని మాత్ర మానిన ప్రతి రోగి గురించీ రేపు మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

ఆ వెల్డర్ భార్యకు ఆ రాత్రి రక్తపోటు బాగా పెరిగి ఉందని తేలింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. శీతాకాలం వెళ్లిపోయాక ఆమెకు సుఖప్రసవమైంది. ఆడపిల్ల. పాప చెవిలో అజాన్ చెప్పడానికి నన్నే పిలిచారు. పాప అచ్చం తండ్రి రంగు. నాయనమ్మ ఆ పాపను ఒడిలో పెట్టుకొని, “తల్లీబిడ్డా దక్కారు హజ్రత్, అల్హందులిల్లాహ్” అంది. రంగు మాట ఎత్తలేదు. పాపను నా చేతికి ఇస్తూ, “మీ నోటితోనే మంచి పేరు చెప్పండి” అని అడిగింది.

అల్లాహ్ మన తల్లులనూ, బిడ్డలనూ కాపాడుగాక! మనం తినేదానిలో, అమ్మేదానిలో, చెప్పేదానిలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.